పదకొండో చెయ్యి

ఆ ఏడు అక్రోట్లు విరగ్గాశాయి. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఆ తర్వాత జరిగిందంతా ఆ కాయల తొక్క వల్లే జరిగిందని మా నానమ్మ పోయేదాకా నమ్మింది. పచ్చి తొక్క ఒలిస్తే చేతులకి అంటుకునే నలుపు సబ్బుకి పోదు, బూడిదకి పోదు, నిమ్మచెక్కకీ పోదు. చర్మం మారాలి, అప్పుడు పోవాలి. సెప్టెంబరు నుంచి మంచు పడేదాకా మా కొండ ఊరు తిజ్గీలో ఎవరి చేతులు చూసినా బొగ్గుల కొట్లోంచి ఇప్పుడే వచ్చినట్టుంటాయి. కొండ కింద సంత ఊరి వాళ్ళకి అదొక వేళాకోళం. "నల్లచేతులోళ్ళు దిగారు, తెల్లబట్టలు లోపల పెట్టుకోండర్రా" అంటారు.

నాకప్పుడు పద్దెనిమిదేళ్ళు. మా చెల్లి ఇత్తోకి పన్నెండు. మా ఊరి బడిలో ఉన్న చదువంతా అది వేసవిలోనే పూర్తి చేసేసింది. పై చదువు కావాలంటే సంత ఊరికి పోవాలి, పన్నెండు కిలోమీటర్లు. సరిగ్గా అక్కడే ఆరేళ్ళ కిందట నా చదువు ఆగిపోయింది. "బస్సు రానీ, అప్పుడు చూద్దాం" అన్నాడు నాన్న. బస్సు రాలేదు. నేను మేకలు కాశాను, ఆ తర్వాత మగ్గం ముందు కూర్చున్నాను. అమ్మ కుట్టిన నా తెల్ల బడికోటు చివరికి పెరుగు వడకట్టే గుడ్డ అయింది. ఇప్పుడు ఇత్తో కోటు కొత్తగా మేకుకి వేలాడుతోంది. దాన్ని చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది.

సెప్టెంబరు నడిమిలో ఒక సాయంత్రం నాన్న సంత ఊరి నుంచి నీలం కాగితం చుట్టిన చక్కెర దిమ్మ చంకన పెట్టుకుని వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. నాన్న మా ఊరి తరఫున కౌన్సిలరు. ప్రెసిడెంటు హాజీ బెనాసర్ ఇంట్లో ఆ రోజు భోజనం.

"వంతెన మనదే" అన్నాడు గుమ్మంలోనే.

అమ్మ పిండి కలుపుతున్నది ఆపేసింది. మా ఊరి కింద ఏరుంది. వసంతంలో మంచు కరిగితే దాటడం మన వశం కాదు. ఆ ఏడే మా బాబాయి గాడిద కొట్టుకుపోయింది, బాబాయిని తాడేసి లాగారు. వంతెన అంటే మాకు మాటలు కాదు.

"ఎవరన్నారు?" అంది నానమ్మ మూలనుంచి.

"హాజీయే అన్నాడు. ఈ అక్టోబరు సమావేశంలో సంత ఊళ్ళో పెళ్ళిళ్ళకీ పరామర్శలకీ కట్టిన హాలుకి కప్పు వేయించడానికి నేను చెయ్యెత్తాలి. వచ్చే ఏడు మన వంతెనకి ఆయన ఎత్తుతాడు. ఫాతిహా కూడా చదివేశాం."

అంతే, ఇంకెవరూ అనుమానం అడగలేదు. మా వైపు కాగితం మీద సంతకానికి విలువ తక్కువ, ఫాతిహాకి ఎక్కువ. పెళ్ళి కుదిరినా, పొలం చేతులు మారినా, పగ చల్లారినా అరచేతులు పైకి చాచి ఖురాను మొదట్లోని ఆ ఏడు వాక్యాలూ చదువుతారు, చేతులు ముఖానికి తడుముకుంటారు. ఆ మాట తప్పినవాడికి ఊళ్ళో ఇక నీళ్ళు పుట్టవు. మా నాన్నకైతే అందులో పెద్ద పేరు. ఎవరింట్లో పెళ్ళిమాటలైనా "జాయిద్ వచ్చి కూర్చుంటే గానీ ఫాతిహా చదవం" అనేవాళ్ళు. ఆయన నోటి నుంచి వచ్చిన మాట చెక్కిన రాయి అని చెప్పుకునేవాళ్ళు. నాకూ అదంటే గర్వమే, అబద్ధమెందుకు.

ఆ రాత్రి చక్కెర కొట్టుకుని పుదీనా టీ తాగాం. ఇత్తో గ్లాసులు కడిగింది.

తర్వాతి గురువారం సంతకి అమ్మా నేనూ అక్రోట్ల బస్తాతో దిగాం. అమ్మ ముందుగా పై బడి హెడ్‌మాస్టరు దగ్గరికి నడిచింది. ఆయన పేరు సీ మక్కీ, ఎప్పుడూ దగ్గుతూ ఉంటాడు.

"పిల్ల పేరు కొట్టెయ్యలేదమ్మా. కౌన్సిల్ సమావేశం దాకా ఉంచుతాను. ఆ పైన నా చేతిలో లేదు."

"సమావేశానికీ నా పిల్లకీ ఏం సంబంధం బాబూ?"

ఆయన లేచి మమ్మల్ని కౌన్సిల్ ఆఫీసు పెరట్లోకి తీసుకెళ్ళాడు. అక్కడుంది పసుపు బస్సు. నిరుడు ఎవరో పుణ్యాత్ములు బడిపిల్లల కోసం ఇచ్చారట. డ్రైవరు జీతం, డీజిలు ఎవరు భరించాలో తేలక అలాగే తాళం వేసి నిలబెట్టారు. అద్దంలోంచి తొంగిచూశాను. వెనక సీటు మీద ఎర్ర కోడి ఒకటి గుడ్ల మీద కూర్చుని నన్ను కోపంగా చూసింది. ఆఫీసు సెక్రటరీ గారి కోడి.

"ఈ ఏడు కౌన్సిల్ దగ్గర మిగులుంది" అన్నాడు హెడ్‌మాస్టరు. "హాలు కప్పుకైనా సరిపోతుంది, బస్సు తిరగడానికైనా సరిపోతుంది. రెండింటికీ చాలదు. బస్సు మాట ఎజెండాలో లేనే లేదు. కానీ చట్టం ఒకటుందమ్మా. తగినంతమంది వేలిముద్ర వేసి అర్జీ పెడితే వాళ్ళు చర్చకి పెట్టి తీరాలి."

అమ్మ అప్పుడు నాన్న ఫాతిహా గురించి ఒక్క మాటా అనలేదు. నా వైపు కూడా చూడలేదు. "రాయండి బాబూ" అంది.

అయిదు ఊళ్ళ ఆడవాళ్ళు ఆ సంతలోనే ఉన్నారు. బుట్టలు దించి ఒక్కొక్కరే వచ్చారు. తీరా చూస్తే హెడ్‌మాస్టరు సిరా డబ్బా ఎండిపోయి ఉంది. ఆయన ఉమ్మేసి రుద్దాడు, రాలేదు. అమ్మ బస్తాలోంచి ఒక పచ్చి కాయ తీసి, తొక్క చీల్చి, బొటనవేలు అందులో నొక్కి కాగితం మీద వేసింది. వెనకున్న వాళ్ళంతా నవ్వారు. "మన చేతులకి సిరా దండగే" అని వాళ్ళూ అలాగే వేశారు.

సెక్రటరీ ఆ కాగితం రెండు వేళ్ళతో పట్టుకుని వాసన చూశాడు. "ఇదేం సిరా?"

"మీ సిరా చెరుగుతుంది, ఇది చెరగదు" అంది అమ్మ. "తీసుకోండి. ఇంకో మాట, ఆ కోడిని కాస్త దింపండి."

ఆయన తీసుకోక తప్పలేదు. కోడిని మాత్రం దింపలేదు.

పది రోజులు తిరక్కుండానే లెక్క ఊరూరా పాకింది. కౌన్సిల్లో పదకొండు మంది. హాలుకి ప్రెసిడెంటుతో కలిపి అయిదుగురు, బస్సుకి అయిదుగురు. సమానమైతే ప్రెసిడెంటు ఎటుంటే అటే. పదకొండో చెయ్యి మా నాన్నది. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. అమ్మ నాన్నతో మాట్లాడటం మానేసింది. రొట్టె ముందు పెట్టేది, నీళ్ళు పెట్టేది, నోరు మాత్రం విప్పేది కాదు. "మీ నాన్నని అడుగు నూనె కావాలేమో" అని నాకు చెప్పేది, నాన్న పక్కనే కూర్చుని ఉండగా.

హాజీ బెనాసర్ తోటకే వచ్చాడు. నాన్న చెట్టు మీదుండి పొడుగు గడతో కాయలు రాలుస్తున్నాడు. నేనూ ఇత్తో కింద ఏరుతున్నాం. ఆయన తెల్లటి అంగీ ఎత్తిపట్టుకుని తొక్కల మధ్య జాగ్రత్తగా నడుచుకుంటూ వచ్చాడు.

"దిగక్కర్లేదు తమ్ముడూ. ఒక్క మాట అడిగి పోతా. మనం చదివింది గుర్తుందిగా?"

"మరిచిపోతే నాలుక పడిపోదూ?" అన్నాడు నాన్న పైనుంచి.

"మీ ఇంటావిడ వేలిముద్ర కూడా చూశానులే. బాగా పడింది. ఇంట్లో వాళ్ళదో దారి, నీదో దారి అంటే జనం ఊరుకోరు. గోడమీద పిల్లి అంటారు."

"నా మాట నా ఇంటావిడ వేలి మీద లేదు హాజీ. నా నోట్లో ఉంది."

"అదీ జాయిద్ అంటే!" హాజీ గొంతు తగ్గించాడు. "మా అమ్మ పోయినరోజు నువ్వూ ఉన్నావు. ఆ వానలో ఆడవాళ్ళు బురదలో కూర్చుని ఏడ్చారు. చచ్చినవాళ్ళ పక్కన కూర్చోవడానికి ఒక కప్పు లేని ఊరూ ఒక ఊరేనా, నువ్వే చెప్పు."

ఆయన అన్నది అబద్ధం కాదు. ఆ బురదలో నేనూ కూర్చున్నాను. ఆయన చెడ్డవాడై ఉంటే నాకు ఎంత సుఖంగా ఉండేదో! వెళ్తూ వెళ్తూ ఇత్తో తల నిమిరాడు. "చురుకైన పిల్ల. మగ్గం నేర్పండి" అన్నాడు.

ఇత్తో ఏమీ అనలేదు. అదే నాకు మంట. ఏడిస్తే బాగుండు, అన్నం మానేస్తే బాగుండు. అది మాత్రం రోజూ పొద్దున్నే లేచి పుస్తకాల సంచి భుజాన వేసుకుని ఏటిదాకా నడిచి, కాసేపు నిలబడి, మళ్ళీ వెనక్కి వచ్చి మేకల్ని తోలుకుపోయేది. ఎందుకే అని అడిగితే "అలవాటు తప్పకుండా" అంది.

సమావేశం మంగళవారమనగా ముందు శుక్రవారం, మధ్యాహ్నం కుస్కుస్ పళ్ళెం చుట్టూ అందరం కూర్చున్నాం. నేను ఇక ఆగలేకపోయాను.

"నాన్నా, నాకు చెప్పావు కదా, బస్సు రానీ చూద్దామని."

"చెప్పాను."

"వచ్చింది. ఏడాది నుంచీ అక్కడే ఉంది. దాంట్లో ప్రస్తుతం కోడి చదువుకుంటోంది."

నాన్న ముద్ద పళ్ళెంలో పెట్టేశాడు. ఇంట్లో ఆడపిల్ల తండ్రితో అలా మాట్లాడటం మా దగ్గర లేదు. చెంప మీద పడుతుందనే అనుకున్నాను. పడలేదు. ఆయన నన్ను చూసిన చూపుకి బదులు పడి ఉంటే నయం.

"నేను ఏం చేయనే?" అన్నాడు, నాతో కాదు, అమ్మతో. "బస్సు సంగతి ఆ రోజు ఎవరూ అనలేదు. తెలిస్తే చదివేవాణ్ణా? చదివాక ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని తిరగాలి? రేపు ఏ పెళ్ళిలో కూర్చుని చేతులు చాచాలి?"

అమ్మ మూడు వారాల్లో మొదటిసారి ఆయనతో మాట్లాడింది. "నీ ముఖం కోసం ఒక పిల్లని ఇచ్చేశాం. రెండోదాన్ని నేను ఇవ్వను." లేచి పెరట్లోకి వెళ్ళిపోయింది.

అప్పుడు నానమ్మ ఇజ్జా కదిలింది. ఆవిడకి కళ్ళు సరిగ్గా ఆనవు గానీ, ఊళ్ళో తగవు ఏదైనా దాని పోగు ఎక్కడుందో చేత్తో తడిమి పట్టుకోగలదు.

"ఒరే జాయిదూ. ఆ రోజు నీ చేతులెలా ఉన్నాయిరా?"

"ఎలా ఉంటాయి? ఇలాగే. నల్లగా."

"ఆ హాజీ ఇంట్లో, ఆ తెల్ల చేతులవాళ్ళ మధ్య, ఈ చేతులు చాచావా?"

"సిగ్గేసిందమ్మా. ఈ జెల్లాబా అంగీ చేతుల్లోంచి బయటికి తియ్యలేదు."

నానమ్మ తొడ మీద చరుచుకుంది. "మరి ఇంకేం! చెయ్యి బయటికి రాని ఫాతిహా ఫాతిహానా? నోరు చదివింది, చేతులు చదవలేదు! పెళ్ళికొడుకు తండ్రి చేతులు లోపల పెట్టుకుంటే పిల్లనిస్తారట్రా ఎవరైనా? పోయి అందరి ముందూ చెప్పు. నీకు పాపమూ లేదు, పరువూ పోదు!"

నా గుండె ఎగిరింది. ఇత్తో తల ఎత్తింది. నాన్న మాత్రం తన చేతులకేసి చూసుకుంటూ కూర్చున్నాడు. గడ తీసుకుని తోటకి వెళ్ళిపోయాడు.

మంగళవారం నానమ్మని గాడిద మీద కూర్చోబెట్టి దిగాం. సమావేశం చూడటానికి ఎవరైనా రావచ్చు గానీ లోపల కుర్చీలు మగవాళ్ళకే సరిపోయాయి. ఆడవాళ్ళం కిటికీల దగ్గర నిలబడ్డాం. నానమ్మకి ఒక పెట్టె వేశాను. ఎదురుగా పెరట్లో పసుపు బస్సు, దాని మీద ఎండ. ఇత్తో కోటు వేసుకు వచ్చింది. వద్దే, బస్సు రాకపోతే ఏడుస్తావు అన్నా వినలేదు.

వీధిదీపాల సంగతి, చెత్తబండి సంగతి ఎంతకీ తెగలేదు. ఒకాయన కునుకు తీశాడు. తర్వాత హాజీ అర్జీ చదివించాడు, హాలు గురించి తానే నాలుగు మాటలు చెప్పాడు. బాగానే చెప్పాడు. తల్లి మాట వచ్చినప్పుడు నా పక్కనున్న ఆవిడ కూడా కళ్ళు తుడుచుకుంది.

"హాలు కప్పుకి ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి."

నేను లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు, హాజీది అయిదు. నాన్న చేతులు అంగీ చేతుల్లోపల ఉన్నాయి.

సెక్రటరీ కలం పట్టుకుని ఆగాడు. గదిలో అందరి తలలూ ఒకే వైపు తిరిగాయి. హాజీ తన చెయ్యి దించకుండా "జాయిద్" అన్నాడు, మెల్లగా, నిద్రపోతున్నవాణ్ణి లేపినట్టు.

నాన్న బల్ల వైపే చూస్తున్నాడు. అమ్మ నా మణికట్టు పట్టుకుంది. గోళ్ళు దిగాయి.

"అయిదు" అని రాసుకున్నాడు సెక్రటరీ. నేను ఊపిరి పీల్చుకున్నాను, వెంటనే మళ్ళీ బిగబట్టాను. ఎత్తకపోతే చాలదు. అటూ ఇటూ అయిదయితే హాలే.

"బస్సుకి."

ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. నాన్న కదల్లేదు. హెడ్‌మాస్టరు దగ్గు వినబడింది. సెక్రటరీ కలం మళ్ళీ కాగితం మీదికి వంగింది.

అప్పుడు ఆ ముదురు ఉన్ని మడతల్లోంచి చెయ్యి ఒకటి బయటికి వచ్చింది. మణికట్టు దాకా నలుపు. చెవి ఎత్తుకి వెళ్ళి అక్కడ ఆగింది.

"ఆరు" అన్నాడు సెక్రటరీ.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. హాజీ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని పెట్టుకున్నాడు. "కౌన్సిల్ పని అయిపోయింది" అన్నాడు. "ఇప్పుడు మనిషిగా అడుగుతున్నా. జాయిద్, నా ఇంట్లో, నా రొట్టె ముందు, మనం ఫాతిహా చదివామా లేదా?"

"చేతులు!" మా నానమ్మ కిటికీ ఊచలు పట్టుకుని అరిచింది. "ఒరే, చేతుల సంగతి చెప్పరా! బయటికి తియ్యలేదని చెప్పు!"

నాన్న కిటికీ వైపు చూశాడు. నానమ్మని చూశాడు, అమ్మని చూశాడు, ఆ తెల్లకోటుని చూశాడు. ఒక్క మాట చాలు. నోట్లో ఉంది, తీసి బల్ల మీద పెడితే చాలు. చెప్పు నాన్నా అని నేనూ లోపల అరుస్తున్నాను.

"చదివాం హాజీ" అన్నాడు. "మాట తప్పింది నేనే."

సెక్రటరీ అది రాసుకోలేదు. ఎజెండాలో లేదు కదా.

రెండు వారాల్లో కోడిని దింపారు. బస్సు మా ఏటి అవతలి ఒడ్డు దాకా రావడం మొదలుపెట్టింది, ఆ పైన దారి లేదు. వంతెన మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. హాజీ నాన్నని తిట్టలేదు, ఎదురైతే సలాం కూడా చెప్పేవాడు. నవంబరులో మా వెనకింటి వాళ్ళమ్మాయి పెళ్ళిమాటలు జరిగాయి. ఊరంతటినీ పిలిచారు, నాన్ననీ పిలిచారు. కానీ ఫాతిహా వేళకి పెద్దల వరసలో ఆయన చోట ఇంకెవరో కూర్చున్నారు. నాన్న చెప్పులు విడిచే చోట, గుమ్మం పక్కన కూర్చున్నాడు. అందరూ చేతులు చాచారు. ఆయన మాత్రం దించుకున్న తల ఎత్తలేదు. ఇంటికొచ్చి "మాంసం బాగా ఉడికింది" అన్నాడు. నేను మగ్గం వెనక్కి వెళ్ళి ఏడ్చాను. కావాలన్నది నేనే, ఆయన్ని కోడి పేరుతో పొడిచింది నేనే.

డిసెంబరులో ఏటి నీళ్ళు ఎముకలు కొరికేలా అయ్యాయి. వంతెన లేదు గనక నాన్న రోజూ పొద్దున ఇత్తోని వీపున ఎక్కించుకుని దాటించేవాడు, సాయంత్రం మళ్ళీ. అది సంచి తల మీద పెట్టుకుని, కోటు తడవకుండా కాళ్ళు ముడుచుకుని, ఆయన చెవిలో ఆ రోజు పాఠం అప్పజెప్పుకుంటూ పోయేది. నీళ్ళు తొడల దాకా వచ్చేవి. అవతల దింపి, బస్సు తలుపు మూసుకునేదాకా నిలబడి, వెనక్కి తిరిగేవాడు.

మొదటి మంచు పడిన రోజు ఆయన వణుకుతూ వచ్చి పొయ్యి ముందు కూలబడ్డాడు. నానమ్మ ఆయన షరాయి నిప్పుల మీద పట్టి ఆరబెడుతూ సణుగుడు మొదలుపెట్టింది. ఆ నెలలో నూరోసారి.

"చేతులు బయటికి తియ్యలేదని ఆ ఒక్క మాట అనుంటే పరువు మిగిలేది. నోరు పెగల్లేదు వెధవకి. చాచని చేతులకి లేని పాపం నెత్తినేసుకున్నాడు."

నాన్న తన అరచేతులు మంట ముందు పెట్టాడు. నలుపు అప్పటికి పోయింది. ఎర్రగా, పగుళ్ళతో ఉన్నాయి.

"చాచానమ్మా" అన్నాడు. "జెల్లాబా లోపలే. రెండు చేతులూ చాచే చదివాను. ఏడు వాక్యాలూ."

నానమ్మ చేతిలో షరాయి ఆగిపోయింది. కొండ కింద బస్సు గేరు మార్చుకుంటున్న చప్పుడు వినబడుతోంది.

"ఇది రేపటికి ఆరదు" అంది నానమ్మ చివరికి, షరాయి ఇటు తిప్పి అటు తిప్పి. "నా దుప్పటి ఉంది. రేపు అది చుట్టుకుని దిగు."